గడియ మీద చెయ్యి

సూరిబాబు తీసిన సినిమాలో చచ్చినవాళ్ళు లేచి నడుస్తారు. వాళ్ళని చూసి జనం నవ్వారు.

అది అతని మొదటి సినిమా. విడుదలకి ముందు విశాఖపట్నంలో చిన్న హాలొకటి తీసుకుని, తెలిసినవాళ్ళని పిలిచి వేసిన ఆట. మూతబడిన గోనెసంచుల మిల్లు, అందులో ఒకప్పుడు ప్రమాదంలో పోయిన కూలీలు, వాళ్ళు మట్టిలోంచి లేచి ఊరి మీద పడటం, అదీ కథ. తెర మీద వాళ్ళు చేతులు చాపుకుని, నోటినిండా నెత్తురుతో, గుర్రుమంటూ గుంపుగా వస్తున్నారు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "ఆ చివరివాడు అచ్చం మా తోడల్లుడిలా లేడూ!" అన్నారు. ఇంక హాలు ఆగలేదు.

ఆట అయ్యాక నిర్మాత గవర్రాజు అతని భుజం మీద చెయ్యి వేశాడు. మొన్నమొన్నటిదాకా రొయ్యపిల్లల వ్యాపారం చేసినవాడు. మనసులో ఏదీ దాచుకోడు.

"బాధపడకురా సూరీ. నవ్వు మాత్రం ఊరికే వస్తుందా? దీన్ని కామెడీ చేసేద్దాం. ఆ చచ్చినోళ్ళకి మంచి మాటలు రాయిద్దాం. ఒకడు తలుపు కొట్టి, 'ఏవండీ, మెదడేమైనా మిగిలిందాండీ, కాస్త పెడతారా?' అని అడుగుతాడు. పడి పడి నవ్వుతారు."

"నేను భయపెడదామని తీశానండీ."

"భయపడలేదు కదా మరి?"

సూరిబాబు ఖాళీ అవుతున్న కుర్చీల వంక చూశాడు.

"సరే, వినాయక చవితి దాకా చూస్తాను. నువ్వేం చేసుకుంటావో చేసుకో. చవితి వెళ్ళాక మాత్రం మాటలవాళ్ళని పిలిచేస్తాను. నన్నేమీ అనుకోకు."

చచ్చినవాళ్ళు గోదావరి యాసలో మెదడు అడుక్కునే సినిమా బయటికి వెళ్ళిందంటే, ఇంక జన్మలో తనని ఎవరూ భయపెట్టే కథ అడగరు. ఆ సంగతి సూరిబాబుకి తెలుసు. మర్నాడు పొద్దున్నే భీమిలి బస్సెక్కాడు.

భీమిలిలో మంగతాయారుగారు ఉంటారు. మద్రాసులో ఫిల్ము రీళ్ళని చేత్తో కత్తిరించి, చేత్తో అతికించిన రోజుల నుంచీ ఆవిడ ఎడిటరు. పని మానేసి ఇక్కడికి వచ్చాక, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి నేర్పారు. సూరిబాబు ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళు నేర్చుకున్నాడు. ఎక్కడ కత్తిరించాలో చాలామంది చెప్తారు. ఎక్కడ కత్తెర కింద పెట్టాలో చెప్పింది ఆవిడే.

ఆవిడ లాప్‌టాప్ ముందు కుర్చీ లాక్కుని కూచున్నారు. సినిమా మొదలైంది. కాసేపటికి ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"నవ్వకండి అమ్మగారూ!"

"వస్తుంటే ఏం చెయ్యనురా. ఆ మనిషిని చూడు, కరవబోయే ముందు పంచె సర్దుకున్నాడు."

"అది తీసేస్తాను."

"వద్దు, ఉంచు. నీ సినిమాలో ప్రాణమున్నది అదొక్కటే."

సూరిబాబు మొహం మాడ్చుకున్నాడు. "మేకప్ తేలిపోయిందంటారా? మాకు దొరికిన మనిషి అంతవరకే చెయ్యగలిగాడు. నేపథ్య సంగీతం ఇంకా బిగించొచ్చు. నడక కొంచెం వేగం పెంచితే..."

"వీళ్ళంతా ఎవరు?"

"జాంబీలమ్మా."

"అది తెలిసింది. ఎవరు?"

"ఆ మిల్లు ఊరివాళ్ళే. ఒకప్పుడు అందులో పనిచేసినవాళ్ళు. రోజువారీ కూలీకి తెచ్చుకున్నాం."

"వీళ్ళ పేర్లేవిటి?"

"అంత గుంపులో పేర్లెక్కడ తెలుస్తాయమ్మా?"

ఆవిడ సినిమా అంతా చూశారు. చూశాక, "పారేసిందంతా చూపించు," అన్నారు.

పారేసినదాంట్లో ఎక్కువగా నవ్వులే ఉన్నాయి. సినిమావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. శవంగా నటించినవాడు షాటు అవగానే లేచి, కెమెరా వంక చూసి ఒకసారి నవ్వాలి. నవ్వకుండా ఇంటికి వెళ్తే అరిష్టమని నమ్మకం. సూరిబాబుకి ఆ నమ్మకం లేదు. కానీ ఊళ్ళోవాళ్ళు పట్టుబట్టారు. చచ్చినవాడి వేషం వేసినవాళ్ళంతా, షాటు షాటుకీ, ఒక్కొక్కళ్ళే వచ్చి నవ్వితే గానీ కదలం అన్నారు. సగం ఎండ ఆ నవ్వుల్లోనే పోయిందని అతను అప్పట్లో విసుక్కున్నాడు.

ఇప్పుడు అవన్నీ వరసగా వచ్చాయి. నెత్తురు పూసుకున్న మొహాలు. ఒకడు సిగ్గుపడి నవ్వాడు. ఒకామె నవ్వబోయి తుమ్మింది. ఒక ముసలాయన పళ్ళు లేవని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఒకడు నవ్వేముందు పక్కకి చూశాడు. ఎవరినో వెతికాడు. దొరికాక అప్పుడు కెమెరా వంక తిరిగి నవ్వాడు.

మంగతాయారుగారు బల్ల మీద వేలితో కొట్టారు. ఆపమని దానర్థం.

"ఎవరికోసం చూశాడు?"

"తెలీదమ్మా."

"కనుక్కోవాలనిపించలేదూ?"

సూరిబాబుకి చిరాకేసింది. గురువుగారి ముందు చూపించకూడదనుకున్నా గొంతులో తెలిసిపోయింది.

"అమ్మగారూ, జాంబీ అంటేనే ఎవరూ కానివాడు. వాడికి పేరుండదు, గతం ఉండదు, మనసుండదు. అందుకే వాడంటే భయం. వాడు ఎవరికోసం చూశాడో కనుక్కుంటే వాడు మనిషైపోతాడు. మనిషైపోతే ఇంక భయమేముంటుంది?"

"పేరు తెలియనివాడంటే భయమా నీకు?"

"నాకే కాదు, ఎవరికైనా."

"పొద్దున్న బస్సులో వచ్చావు కదా. బస్సు నిండా పేరు తెలియనివాళ్ళే. భయం వేసిందా?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంతకీ ఆ మిల్లు ఎక్కడుందన్నావు?"

అతను పొద్దున్న వచ్చీరాగానే చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. చెప్తున్నప్పుడు అతని మొహం చూసి ఆవిడ ఆగారు.

"ఇందాక అడిగానా?"

"లేదమ్మా, ఇప్పుడే అడిగారు."

"అబద్ధం చెప్పేటప్పుడు ముక్కు తుడుచుకుంటావు. ఆ అలవాటు మానుకో."

ఇద్దరూ నవ్వారు. ఆవిడ నవ్వు ముందు ఆగింది.

వెళ్ళేముందు సూరిబాబు గడప దగ్గర నిలబడి అడిగాడు. "పేరు లేకపోవడంలో లేదు, నెత్తుట్లో లేదు, సంగీతంలో లేదు అంటున్నారు. మరి అసలు భయం ఎక్కడుందమ్మా?"

"రేపు పొద్దున్న రా," అన్నారు ఆవిడ.

మర్నాడు పొద్దున్న అతను వెళ్ళేసరికి తలుపు వేసి ఉంది. కొట్టాడు. ఆవిడ తలుపు సగం తీసి, సందులోంచి చూశారు.

"ఎవరండీ?"

సూరిబాబు నవ్వాడు. "నేనేనమ్మా. రమ్మన్నారుగా."

"ఎవరు కావాలండీ మీకు?"

ఎనిమిదేళ్ళలో ఆవిడ అతన్ని ఏనాడూ మీరు అనలేదు. ఒరే అన్నారు, వెధవా అన్నారు, కోపమొచ్చినప్పుడు గాడిదా అన్నారు. ఆ 'మీరు' విన్నాక అతని నవ్వు మొహం మీదే ఉండిపోయింది. దాన్నేం చెయ్యాలో అతనికి తెలియలేదు.

"అమ్మగారూ, నేను సూరిని."

"మీటరు చూడ్డానికి వచ్చారా? పోయినవారం ఎవరో వచ్చి చూసి వెళ్ళారండీ."

ఆవిడ కళ్ళు అతన్ని చూస్తున్నాయి. అతని మొహం మీద ఎక్కడా ఆగటం లేదు. గోడని చూసినట్టు, గేటుని చూసినట్టు చూస్తున్నాయి. అదే చీర. అదే కళ్ళజోడు. గుమ్మం పట్టుకున్న వేళ్ళు కూడా అవే, బల్ల మీద కొట్టి అతనికి పని నేర్పిన వేళ్ళు.

"నేను... మీ దగ్గర నేర్చుకున్నానండి. సూరిబాబు. నిన్న వచ్చాను కదా. సినిమా చూశారు. నవ్వారు."

అతను కూడా 'అండి' అనడం మొదలుపెట్టాడని అతనికే తెలియలేదు.

"అలాగా," అన్నారు ఆవిడ మర్యాదగా. "ఎండలో నిలబడ్డారు. లోపలికొచ్చి కూచోండి."

అతనికి కూచోవాలని లేదు. పరిగెత్తుకుంటూ వీధి చివరికి వెళ్ళిపోవాలని ఉంది. నిన్న మిల్లు గురించి రెండోసారి అడిగినప్పుడే తను ఎవరికైనా ఫోన్ చెయ్యాల్సింది. ఇప్పుడు ఎవరికి చెయ్యాలి? ఏమని చెప్పాలి? గోడ వారగా కుర్చీ అంచు మీద కూచున్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆవిడ గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చారు. వచ్చినవాళ్ళకి ఇచ్చినట్టు, కింద పళ్ళెం పెట్టి.

"తీసుకోండి."

అతను గ్లాసులోకి చూశాడు.

కాఫీ మీద మీగడ తేలుతోంది.

వచ్చినవాళ్ళకి ఎవరైనా వడగట్టి ఇస్తారు. మీగడ తేలుతూ ఇస్తే మొహమాటపడి వేలితో పక్కకి తోస్తారు. సూరిబాబుకి చిన్నప్పట్నుంచీ మీగడంటే ఇష్టం. ఆ ఇంట్లో అతని గ్లాసు మీదే చెంచాడు మీగడ వేసేవారు. మిగతా శిష్యులు అతన్ని పిల్లిగాడని వెక్కిరించేవారు.

అతను గ్లాసుని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. లేవలేకపోయాడు. తాగలేకపోయాడు.

ఆవిడ ఎదురుగా కుర్చీలో కూచున్నారు.

"ఇప్పుడు చెప్పరా సూరీ. భయం ఎక్కడుంది?"

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఇలాంటి ఆటలాడతారా అమ్మగారూ! ప్రాణం పోయింది నాకు!"

"ఆటే," అన్నారు ఆవిడ. "ఇవాళ్టికి ఆటే."

అతను మళ్ళీ కూచున్నాడు. కోపం ఎటు పోయిందో పోయింది. వీధిలో చేపలమ్మే ఆమె కేకవేసుకుంటూ వెళ్ళింది.

"ఎప్పుడు ఎక్కువ భయం వేసింది? ఎవరండీ అన్నప్పుడా?"

సూరిబాబు ఆలోచించాడు. "కాదమ్మా. అప్పుడు పారిపోదామనిపించింది. ఎక్కువ భయం కాఫీ చూసినప్పుడు. మీగడ చూశాక కదల్లేకపోయాను."

"ఏ మీగడ?"

అతను గ్లాసు చూపించాడు.

ఆవిడ వంగి చూశారు. చాలాసేపు చూశారు. "వేశానా?" అన్నారు మెల్లగా. "వెయ్యకూడదనుకున్నానే. వడగట్టే ఇద్దామనుకున్నాను."

తన కుడిచేతిని తిప్పి చూసుకున్నారు, అదెవరిదో కనుక్కుంటున్నట్టు. ఆ తర్వాత ఆవిడ మొహంలోకి ఒక నవ్వు వచ్చింది. నిన్నటి నవ్వులా అది తొందరగా ఆగలేదు.

"తాగు. చల్లారిపోతోంది. తాగి, బయల్దేరు."

ఎక్కడికని అతను అడగలేదు.

మిల్లు ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. టీ కొట్టు దగ్గర అడిగితే, నవ్వేముందు పక్కకి చూసినవాడి పేరు దాలయ్య అని తెలిసింది. సూరిబాబు వెళ్ళేసరికి దాలయ్య ఇంటిముందు అరుగు మీద కూచుని నులకమంచం అల్లుతున్నాడు. అతని భార్య పోలమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది. ఆవిడ కూడా ఆ సినిమాలో చచ్చినవాళ్ళలో ఒకత్తే. నవ్వబోయి తుమ్మినామె.

"ఏటి బాబూ, మళ్ళీ సావాలా?" అంది పోలమ్మ అతన్ని చూడగానే.

"ముందు ఒక మాట అడగాలి. నవ్వమన్నప్పుడు దాలయ్యగారు పక్కకి చూశారు. ఎవరికోసం?"

దాలయ్య తలెత్తలేదు. పోలమ్మ పకపకా నవ్వింది. "నా కోసరమే. కెమెరా వంక సూసి నవ్వమంటే ఈడికి నవ్వు రాదు బాబూ. నన్ను సూస్తే వస్తాది."

"నిన్ను సూస్తే నవ్వు రానోడు ఎవుడే ఈ ఊర్ల?" అన్నాడు దాలయ్య.

"సూసినావా బాబూ, ఈడి నోరు!"

సూరిబాబు అరుగు మీద కూచున్నాడు. మిల్లు నడిచే రోజుల గురించి అడిగాడు. పని ముగించుకుని ఇంటికొచ్చాక దాలయ్య ఏం చేసేవాడని అడిగాడు.

"ఏటి సేస్తాడు, అందరు మొగోళ్ళలాగే కూడేదీ అనీవోడు."

"అంతకన్నా ముందు. గుమ్మం దగ్గరికి రాగానే."

పోలమ్మ చేప పక్కన పెట్టింది. చెయ్యి కడుక్కోకుండానే గాల్లో చూపించింది. "నార దూగర బాబూ, సన్నటి దుమ్ము. మిల్లునించి వచ్చీసరికి తలనిండా దూగరే. జుత్తు తెల్లగా అయిపోయీది. అది ఇంట్లో పడితే పిల్లలకి దగ్గొచ్చీది. అందుకని లోనికి వచ్చీవోడు కాదు. గుమ్మం బయటే ఆగిపోయి, ఇదిగో, ఇలాగ తలకాయ వొంచీసి నిలబడీవోడు. నాను కొంగుతో దులిపీదాన్ని. దులిపినంతసేపూ గొడ్డులాగ అలాగే ఉండీవోడు."

"గొడ్డులాగ అట!" అన్నాడు దాలయ్య.

"కాదేటి?"

"ఒకసారి ఎలా నిలబడేవారో చూపిస్తారా?" అని అడిగాడు సూరిబాబు.

దాలయ్య మంచం పక్కన పెట్టి లేచాడు. గుమ్మం ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. మిల్లు మూతబడి ఏళ్ళయింది. అయినా ఏదీ గుర్తు చేసుకోవాల్సిన పని లేనట్టు, అతని మెడ దానంతటదే వంగింది. చేతులు పక్కన వేలాడాయి. కళ్ళు నేల మీద ఉన్నాయి.

పోలమ్మ నవ్వు ఆగిపోయింది. చేపల చెయ్యి చీరకి తుడుచుకుని, ఏమీ లేని ఆ తల మీద కొంగు ఆడించింది.

సూరిబాబు అక్కడి నుంచే కెమెరా మనిషికి ఫోన్ చేశాడు.

షూటింగు రెండు పూటలు జరిగింది. అంతకన్నా అక్కర్లేకపోయింది. మొదట పోలమ్మ ఒప్పుకోలేదు. తను చచ్చినదానిలా నడవమంటే నడుస్తుంది గానీ, మొగుడు చచ్చినట్టు, తను బతికున్నట్టు చెయ్యమంటే చెయ్యనంది. ప్రతి షాటుకీ దాలయ్యని ముందు పేరు పెట్టి పిలుస్తానని, అయ్యాక అతను నవ్వేదాకా ఎవరినీ కదలనివ్వనని సూరిబాబు మాటిచ్చాక సరేనంది.

"ఒకపాలి కాదు, మూడుపాల్లు నవ్వాల."

"మూడుసార్లే నవ్విస్తాను."

"నన్ను సూసి."

"మిమ్మల్ని చూసే."

దాలయ్యకి నెత్తురు పూయలేదు. గుర్రుమనమని చెప్పలేదు. మొహానికి మట్టి రాసి, జుత్తు నిండా జనపనార దుమ్ము జల్లారు. అంతే.

చవితికి ముందురోజు సాయంత్రం అదే హాల్లో ఆట వేశారు. క్రితంసారి వచ్చినవాళ్ళనే గవర్రాజు మళ్ళీ పిలిచాడు. మాటలు రాసే కుర్రాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. మంగతాయారుగారు బస్సులో వచ్చి, వెనక వరసలో చివరి కుర్చీలో కూచున్నారు.

ఆట మొదలైంది. చచ్చినవాళ్ళ గుంపు దూరంగా కనబడగానే ఎవరో నవ్వడానికి తయారయ్యారు. క్రితంసారి తోడల్లుడి మాటన్న పెద్దమనిషి, "ఇదిగో వస్తున్నాడు!" అన్నాడు.

గుంపు విడిపోయింది. ఒక్కొక్కరు ఒక్కో సందులోకి మళ్ళారు. కేకల్లేవు. సంగీతం లేదు. వాళ్ళు ఎవరినీ వెంటాడటం లేదు. ఎవరి ఇంటివైపు వాళ్ళు నడుస్తున్నారు.

ఒక ఇంట్లో ఒక ఆడమనిషి తలుపు వేసి, రోకలి పట్టుకుని నిలబడింది. తలుపు చెక్కల మధ్య వేలెడు సందుంది. ఆ సందులోంచి చూస్తోంది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. గుమ్మం బయట ఆగింది.

అతను తలుపు బాదలేదు. గుమ్మం ముందు నిలబడి, మెల్లగా తల వంచాడు.

వంచి, అలాగే ఉన్నాడు.

దెబ్బ వెయ్యడానికి అంతకన్నా వీలైన తల ఉండదు. తలుపు తీసి రోకలెత్తితే చాలు. ఆడమనిషి చేతిలో రోకలి మెల్లగా కిందికి దిగింది. ఇంకో చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

సూరిబాబు అక్కడ కత్తిరించలేదు. తెర మీద ఇంకేమీ జరగటం లేదు. ఒక వంగిన తల. గడియ మీద ఒక చెయ్యి. అలా సాగుతోంది.

హాల్లో ఎవరూ నవ్వటం లేదు. చీకట్లో ఒక గొంతు, "తియ్యకమ్మా, తియ్యకు," అంది. బతిమాలుతున్నట్టుగా ఉంది. అవతలివైపు నుంచి ఇంకో గొంతు, ముసలిది, "తియ్యవే, ఎంతసేపని నిలబడతాడు," అంది. తోడల్లుడి పెద్దమనిషి పక్కవాళ్ళావిడ చెయ్యి పొరపాటున పట్టుకుని, గబుక్కున వదిలి, క్షమించమన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

ఆ చెయ్యి గడియని కొద్దిగా కదిపింది. ఇనుము చప్పుడైంది. తెర నల్లబడింది.

దీపాలు వెలిగాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు. గవర్రాజు అందరికన్నా ముందు లేచాడు. సూరిబాబు దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"తీసిందా, లేదా?"

"తెలీదండీ."

"తెలీకపోవడమేమిట్రా, నువ్వే కదా తీసింది!"

"నిజంగా తెలీదండీ."

గవర్రాజు మాటలు రాసే కుర్రాడి వంక చూశాడు. "నువ్వెళ్ళిపోవయ్యా. ఇందులో ఎవరూ ఏమీ మాట్లాడక్కర్లేదు." సూరిబాబు భుజం గట్టిగా నొక్కి వదిలాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. "ఉండు, ఇప్పుడే వస్తాను. మా ఆవిడతో ఒకసారి మాట్లాడాలి." తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

హాలు ఖాళీ అయింది. మంగతాయారుగారు చివరి కుర్చీలో అలాగే కూచుని ఉన్నారు. ఇంకా తెర వంకే చూస్తున్నారు. సూరిబాబు వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర మెట్టు మీద కూచున్నాడు.

కత్తిరింపు ఎలా ఉందని అడగలేదు. సరిగ్గా చేశానా అని అడగలేదు. అతనికి ఒక్కటే తెలుసుకోవాలని ఉంది.

"భయం వేసిందా అమ్మగారూ?"

"వేసిందిరా. చాలా వేసింది."

ఆవిడ ఒక చెయ్యి కుర్చీ చేతి మీద, రెండో చెయ్యి అతని భుజం మీద ఆనించి లేచారు. నిలదొక్కుకున్నాక అన్నారు.

"అయినా నేనైతే తలుపు తీసేదాన్ని."